కొత్త పార్టీ వచ్చినప్పుడు చిన్న పార్టీ ఏం చేయాలి? సీమ జిల్లాల కార్యకర్తలు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలలో చిన్న పార్టీల తరపున పనిచేసే కార్యకర్తలు శిక్షణ తరగతులలోను, మండల సమావేశాలలోను పదే పదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. 2022 ఏప్రిల్‌లో నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాలు వేరుపడ్డాయి గాని, ఎన్నికల చరిత్ర చెప్పుకోవడానికి పాత జిల్లాల లెక్కే సులువు కనుక పాత పేర్లనే వాడుతున్నాను. నేను అనంతపురం జిల్లాలో ఒక చిన్న పార్టీలో మండల స్థాయి నుంచి నియోజకవర్గ స్థాయి వరకు పనిచేసినవాడిని. ఆ పార్టీ ఏదన్నది ఈ సమాధానాలకు అవసరం లేదు. ఎర్రజెండా మోసేవారికైనా, ప్రాంతీయ ఉద్యమం నుంచి వచ్చినవారికైనా, సామాజిక సంఘం నుంచి పార్టీగా మారినవారికైనా ఎదురయ్యే చిక్కులు ఒకటే.

చిన్న పార్టీ అని ఎవరిని ఉద్దేశిస్తున్నారు?

ఒంటరిగా పోటీ చేస్తే ధరావతు (డిపాజిట్) దక్కించుకోవడమే కష్టమయ్యే పార్టీని. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ధరావతు పోతుంది. శాసనసభకు ఆ మొత్తం 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చరిత్ర ఎంత పెద్దదైనా ఈ కొలతకు మినహాయింపు లేదు. 1952లో జైలులో ఉండగానే అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి. ఆ సీపీఐ 2023 ఏప్రిల్‌లో జాతీయ పార్టీ హోదాను కోల్పోయింది. రాష్ట్రాన్ని దశాబ్దాల పాటు ఏలిన కాంగ్రెస్‌కు 2014, 2019, 2024 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఒక్క స్థానమూ రాలేదు. కనుక మనది పాత పార్టీ, వారిది నిన్నటి పార్టీ అన్న మాటను ముందుగా పక్కన పెట్టడం మంచిది.

కొత్త పార్టీ ప్రకటన వెలువడిన మొదటి నెలలో ఏం చేయాలి?

పత్రికా ప్రకటనకు తొందరపడకుండా ముందు మీ ఓట్ల లెక్క చూసుకోండి. ప్రతి ఎన్నిక తర్వాత రిటర్నింగ్ అధికారి తయారు చేసే ఫారం 20లో ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో ఉంటుంది. గత రెండు ఎన్నికల ఫారం 20లను పక్కపక్కన పెట్టుకుని, మీకు నిలకడగా ఓట్లు పడుతున్న బూత్‌లు ఏవి, పడిపోతున్నవి ఏవి, ఎప్పుడూ పడనివి ఏవి అని మూడు వరుసలుగా రాసుకోండి. ఆ తర్వాత రెండో వరుసలోని ఊళ్ళకు జెండాలు, కండువాలు లేకుండా ఇద్దరు ముగ్గురుగా వెళ్ళండి.

మా నియోజకవర్గంలో నేను ఈ పని చాలా ఆలస్యంగా చేశాను. మా ఓట్లలో పెద్ద భాగం మూడు మండలాలలోని కొన్ని బూత్‌ల నుంచే వస్తున్నదని, ఆ బూత్‌లే కరిగిపోతున్నాయని కాగితం మీద చూసేవరకు నాకు తెలియలేదు. అలాంటి ఒక ఊరిలో, ఒకప్పుడు మా సభ్యత్వ పుస్తకాలు మోసిన వేరుశనగ రైతు ఒకాయన అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, "మూడేండ్ల నుంచి మీరు ఈ దావ తొక్కలేదు కదన్నా, వాళ్ళు నెలకొక తూరి వస్తాండారు" అన్నాడు. ఆయన మాటలో కోపం లేదు. కొత్త పార్టీ వారి సిద్ధాంతాన్ని గాని, నాయకుణ్ణి గాని ఆయన పొగడలేదు. నెలకొకసారి వచ్చే మనిషిని గురించి మాత్రమే చెప్పాడు. ఆ రోజు నుంచి నేను ఎవరికి సలహా ఇచ్చినా ఆ దావ దగ్గరే మొదలుపెడుతున్నాను.

కొత్త పార్టీ మన ఓట్లనే చీలుస్తుందా?

మన ప్రాంతపు అనుభవంలో కొత్త పార్టీ అన్నింటికంటే ఎక్కువగా పెద్ద పార్టీల ఓట్లను కదిలించింది. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం స్థాపించి, తొమ్మిది నెలలు తిరిగేసరికి 1983 జనవరి ఎన్నికలలో అధికారంలోకి వచ్చినప్పుడు ప్రధానంగా కూలినది కాంగ్రెస్ కోట. 2011 మార్చిలో వైఎస్ జగన్మోహన్ రెడ్డి పార్టీ ప్రకటించి, మే నెలలో కడప లోక్‌సభ ఉప ఎన్నికలో 5.4 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచినప్పుడు ఆయన వెంట నడిచింది కూడా అంతకు ముందు కాంగ్రెస్‌కు ఓటు వేసిన జనమే.

అయితే చిన్న పార్టీకి నష్టం లేదని అనుకోకూడదు. ఆ నష్టం వేరే రూపంలో వస్తుంది. ఊరిలో చదువుకున్న యువకుడు, ఏ పెద్ద ఇంటి చాటునా ఉండని ఉపాధ్యాయుడు, చేనేత సంఘంలో మాట్లాడగల స్త్రీ, ఆటో స్టాండ్‌లో నలుగురిని పోగు చేయగల మనిషి, ఇలాంటివారు నిన్నటి వరకు చిన్న పార్టీల వైపు చూసేవారు. కొత్త పార్టీకి కూడా మొదట కావలసినవారు వారే. అందువల్ల వందల ఓట్ల కంటే ముందుగా ఇద్దరు ముగ్గురు మనుషులు కదిలిపోతారు. ఒక మండలంలో పార్టీ అంటే ఆ ఇద్దరు ముగ్గురే అయినప్పుడు, ఓట్లు పోవడం దాని తర్వాతి మెట్టు మాత్రమే.

మరొక వైపు కూడా చూడాలి. 2008 ఆగస్టులో తిరుపతి సభలో చిరంజీవి ప్రకటించిన ప్రజారాజ్యం 2009లో సుమారు 16 శాతం ఓట్లతో 18 స్థానాలు గెలిచింది. కర్నూలు జిల్లాలో దానికి దక్కినవి ఆళ్ళగడ్డ, బనగానపల్లె. ఆ రెండు చోట్లా నిలబడినవారు, భూమా శోభా నాగిరెడ్డి, కాటసాని రామిరెడ్డి, అప్పటికే తమ ప్రాంతంలో వేళ్ళూనుకున్న కుటుంబాలవారు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది, ఆ నాయకులు తర్వాత వేరే పార్టీలోకి వెళ్ళారు, వారి వెంట వారి ఓట్లూ వెళ్ళాయి. కాబట్టి మీ మండలంలో కొత్త పార్టీకి కనిపిస్తున్న బలం దాని జెండాదా, లేక ఆ జెండాను తాత్కాలికంగా పట్టుకున్న ఇంటిదా అన్నది విడదీసి చూడండి. జెండా బలమైతే మీ పనితీరునే మార్చుకోవలసి వస్తుంది. ఇంటి బలమైతే ఓపిక పట్టడమే తగిన వ్యూహం.

కొత్త పార్టీని పేరు పెట్టి విమర్శించాలా?

మొదటి ఏడాది వద్దు. చిన్న పార్టీ చేసే విమర్శను పత్రికలు ప్రచురించినా, చదివినవారికి గుర్తుండేది విమర్శించిన పార్టీ పేరు కాదు, విమర్శకు గురైన పార్టీ పేరే. పైగా పెద్ద పార్టీలు రెండూ హాయిగా ఉండగా ఇద్దరు చిన్నవారు తగువులాడుకోవడం ఊరివారికి బాగా కనిపించదు. ఏదైనా ఒక విధానం మీద విభేదం ఉంటే ఆ విధానం గురించి వివరంగా రాయండి, మాట్లాడండి. హంద్రీ–నీవా కాలువకు లైనింగ్ (లోపలి వైపు కాంక్రీటు పూత) చేయాలా వద్దా అన్న విషయం మీద అభిప్రాయ భేదం ఉందనుకోండి. లైనింగ్ వేస్తే నీటి ప్రవాహం పెరుగుతుందని ఒకరు, కాలువ గట్టు పక్కన బోర్లు ఎండుతాయని ఒకరు అంటారు. రెండు వాదనలకూ రైతుల మధ్య బలం ఉంది. ఆ చర్చ చేయడం ప్రజలకు మేలు. ఆ పార్టీ అధ్యక్షుడి వ్యక్తిగత జీవితం గురించి మాట్లాడటం ఎవరికీ మేలు చేయదు, మీ కార్యకర్తల నోటిని పాడు చేస్తుంది కూడా.

ఒక్క సందర్భంలో మాత్రం మౌనం తప్పు. కులాల మధ్య గాని, మతాల మధ్య గాని, పాత ఫ్యాక్షన్ గ్రామాలలో రెండు వర్గాల మధ్య గాని నిప్పు రాజేసే మాట కొత్త పార్టీ వేదిక నుంచి వస్తే, ఆ రోజే, పేరు పెట్టి, స్పష్టంగా ఖండించాలి. ఈ మూడు జిల్లాలు అలాంటి మాటలకు ఎంత మూల్యం చెల్లించాయో ఇక్కడ పుట్టినవారికి వేరే చెప్పనవసరం లేదు.

మేము ఏళ్ళ తరబడి చేస్తున్న డిమాండ్లను వారు ఎత్తుకుంటున్నారు. ఎలా ఎదుర్కోవాలి?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువ బాధతో అడిగేవారు నీటి ఉద్యమాలలో పనిచేసిన వారు. వారి బాధ నాకు తెలుసు. అయినా ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. సీమ నీటి డిమాండ్ మనలో ఎవరికీ సొంతం కాదు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలోనే కృష్ణ, తుంగభద్ర నీటిలో సీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని గాని హైకోర్టు గాని సీమ కోరుకున్నది ఇవ్వాలన్న మాట ఉన్నాయి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయి, 1956 నవంబర్ 1తో ఆ గౌరవం పోయింది. శ్రీశైలంలో కనీస నీటిమట్టాన్ని 1996లో 69వ నంబరు జీవోతో 834 అడుగులకు దించడం, 2004లో 107వ నంబరు జీవోతో 854 అడుగులకు పెంచడం, 2016 మే 31న కృష్ణా నది మీద సిద్ధేశ్వరం అలుగుకు రైతులే ప్రజా శంకుస్థాపన చేయడం, ఇవన్నీ చాలామంది చేతుల మీదుగా నడిచిన చరిత్ర. దీనికి హక్కుదారులం మేమేనని పేటెంట్ అడిగే పార్టీని జనం గౌరవించరు.

అయితే డిమాండ్ అందరిదీ అయినా, దాని వెనక ఉన్న పని మాత్రం మీదే. కొత్త పార్టీ వేదిక మీద "సీమకు నీళ్ళు" అంటుంది. మీరు ఫలానా డిస్ట్రిబ్యూటరీ చివరి ఆయకట్టుకు ఈ ఏడాది ఎన్ని తడులు అందాయో, ఏ తూము దగ్గర షట్టర్ విరిగి ఉందో, ఆ విషయమై ఏ తేదీన ఏ అధికారికి వినతిపత్రం ఇచ్చారో చెప్పగలగాలి. కేసీ కాలువ కింద గాని, తుంగభద్ర ఎగువ కాలువ కింద గాని ఉన్న రైతుకు ఈ రెండు మాటల మధ్య తేడా వెంటనే తెలుస్తుంది. అందుకని ప్రతి మండల శాఖ ఒక పాత పద్ధతి ఫైలు పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. వినతిపత్రాల నకళ్ళు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలకు ఇచ్చిన రశీదులు, సమాచార హక్కు చట్టం కింద వచ్చిన జవాబులు, ధర్నాల ఫోటోలు, పత్రికల కత్తిరింపులు తేదీల వారీగా అందులో ఉండాలి. నేను చూసిన చాలా చిన్న పార్టీల కార్యాలయాలలో నాయకుల పటాలు ఉన్నాయి గాని ఈ ఫైలు లేదు. కార్యకర్త వెళ్ళిపోతే అతని జ్ఞాపకంతో పాటు ఉద్యమ చరిత్ర కూడా వెళ్ళిపోతోంది.

ఇంకొక అడుగు ముందుకు వేయగలిగితే, కొత్త పార్టీవారిని ఆ డిమాండ్ మీద ఉమ్మడి ధర్నాకు పిలవండి. వస్తే డిమాండ్‌కు బలం పెరుగుతుంది. రాకపోతే, పిలిచిన సంగతి ఊరికి తెలుస్తుంది.

మా కార్యకర్తలు వెళ్ళిపోతున్నారు. ఆపడం ఎలా?

వెళ్ళినవారిని ద్రోహులని అనకండి. ఇది నీతి బోధగా చెప్పడం లేదు, అనుభవం మీద చెబుతున్నాను. వెళ్ళినవారిలో కొందరు రెండు మూడేళ్ళకు తిరిగి వస్తారు. వెళ్ళిన రోజు మీరు తిట్టిన తిట్టు ఆ తలుపును మూసేస్తుంది. వెళ్ళే ముందు ఇంటికి వెళ్ళి మాట్లాడండి, కారణం అడగండి. చాలామంది చెప్పే కారణం డబ్బు కాదు. ఏళ్ళ తరబడి ఒకే వ్యక్తి మండల కార్యదర్శిగా ఉండటం, తమ మాట కమిటీలో వినకపోవడం, దళితుడైనందుకో స్త్రీ అయినందుకో వేదిక మీద కుర్చీ దొరకకపోవడం, ఇవే మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. కొత్త పార్టీలో పదవులన్నీ ఖాళీగా ఉంటాయి కనుక అక్కడ పాతికేళ్ళ యువకుడు జిల్లా స్థాయి బాధ్యుడు కాగలడు. మన దగ్గర అతను ఇంకా కరపత్రాలు పంచుతూనే ఉంటాడు.

కాబట్టి మండల, నియోజకవర్గ కమిటీలలో బాధ్యతలకు కాలపరిమితి పెట్టండి, నిజంగా ఎన్నిక జరిపి మార్చండి. ఈ ఒక్క మార్పు ఎన్ని సభల కంటేనైనా ఎక్కువ మందిని నిలుపుతుంది.

సినిమా తార గాని, బాగా డబ్బున్న వ్యక్తి గాని పెట్టిన పార్టీతో మేము ఎలా పోటీ పడగలం?

సభల విషయంలో పోటీ పడలేరు, పడకూడదు కూడా. వారు కర్నూలు ఎస్టీబీసీ కళాశాల మైదానం నింపితే మీరు అప్పు చేసి అదే మైదానంలో సభ పెట్టడం ఆ ఏడాది మిగిలిన పని మొత్తాన్ని కుంగదీస్తుంది. శాసనసభ అభ్యర్థి ఎన్నికల వ్యయ పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. చాలా చిన్న పార్టీల అభ్యర్థులు ఆ పరిమితిలో పదో వంతు కూడా పోగు చేయలేరు. ఉన్న డబ్బును బూత్ ఏజెంట్ల భోజనాలకు, ప్రయాణాలకు, కరపత్రాలకు ముందుగా కేటాయించి, మిగిలితేనే మైకు సంగతి చూడండి. చందాలకు రశీదు తప్పనిసరి. ఒక దాత నుంచి 20,000 రూపాయలకు మించి వస్తే ఆ వివరం ఎన్నికల సంఘానికి తెలపాలి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళం తీసుకుంటే పార్టీ ఆదాయపు పన్ను మినహాయింపునకు ఇబ్బంది వస్తుంది. పెద్ద పార్టీలకు ఆడిటర్లు ఉంటారు. మనకు మండలంలో లెక్క రాసే ఒక నమ్మకమైన మనిషి చాలు, కాని ఆ మనిషి ఉండి తీరాలి.

కొత్త పార్టీ పేరు గాని, జెండా గాని మా పార్టీని పోలి ఉంటే?

ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ కోరే పార్టీ తన పేరును దినపత్రికలలో బహిరంగంగా ప్రకటించాలి. ఆ ప్రకటన వచ్చిన 30 రోజులలోగా ఎవరైనా ఎన్నికల సంఘానికి అభ్యంతరం తెలపవచ్చు. గడువు దాటిన తర్వాత ధర్నా చేయడం కంటే గడువులోపల రెండు పేజీల లేఖ పంపడం మేలు.

గుర్తు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

చిన్న పార్టీలు అత్యంత నిర్లక్ష్యం చేసేది, ఆ తర్వాత అత్యంత బాధపడేది ఈ విషయంలోనే. రాష్ట్ర పార్టీగా గుర్తింపు ఉంటే గుర్తు మీకు రక్షితం. దానికి ఉన్న దారులలో ఒకటి, శాసనసభ ఎన్నికలలో 6 శాతం ఓట్లు, రెండు స్థానాలు సాధించడం. మరొకటి, స్థానాలు రాకపోయినా 8 శాతం ఓట్లు సాధించడం. గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీ అయితే, 1968 నాటి గుర్తుల ఉత్తర్వులోని 10బి పేరా కింద ఉమ్మడి గుర్తు, అంటే తన అభ్యర్థులందరికీ ఒకే గుర్తు, కోరవచ్చు. అందుకు కనీసం 5 శాతం స్థానాలలో పోటీ చేస్తామని హామీ ఇవ్వాలి. 175 స్థానాలున్న మన రాష్ట్రంలో అది తొమ్మిది అవుతుంది. సభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఒకే గుర్తును ఇద్దరు కోరితే ముందు వచ్చిన దరఖాస్తుకే ప్రాధాన్యం. కొత్త పార్టీ మీకంటే చురుకైనదైతే, మీ పార్టీదేనని జనం అనుకుంటున్న గుర్తు మీద ఈసారి వారి అభ్యర్థి నిలబడే ప్రమాదం నిజంగా ఉంది. ఒకసారి ఇచ్చిన గుర్తు మళ్ళీ ఇస్తారన్న హామీ ఏదీ లేదు.

2024లో జనసేన పోటీ చేయని కొన్ని నియోజకవర్గాలలో గాజు గ్లాసు గుర్తు స్వతంత్ర అభ్యర్థులకు దక్కడంతో కూటమి హైకోర్టును ఆశ్రయించవలసి వచ్చింది. అంత పెద్ద కూటమికే ఆ ఇబ్బంది వచ్చిందంటే, జిల్లా స్థాయి పార్టీ ఎంత ముందుగా మేలుకోవాలో ఆలోచించండి. ఆ ఎన్నికలో పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచి, 2025 జనవరిలో గుర్తింపు పొందాక జనసేనకు ఆ చిక్కు తీరింది.

మరొక హెచ్చరిక. పోటీ చేయకుండా రిజిస్ట్రేషన్ కాగితాన్ని బీరువాలో దాచుకునే రోజులు పోయాయి. 2019 నుంచి ఆరేళ్ళ పాటు ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదన్న కారణంతో 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం 334 పార్టీలను జాబితా నుంచి తొలగించింది. మీ పార్టీ చివరిసారి ఎప్పుడు, ఎక్కడ పోటీ చేసిందో, వార్షిక లెక్కలు సమర్పించిందో లేదో ఈ వారమే సరిచూసుకోండి.

కొత్త పార్టీతో పొత్తు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఎప్పుడు, ఏ షరతుల మీద అన్నదే అసలు విషయం. 1983లో వామపక్షాలకు, అప్పటి కొత్త పార్టీ అయిన తెలుగుదేశానికి మధ్య సీట్ల సర్దుబాటు కుదరలేదు. విడిగా పోటీ చేసిన రెండు కమ్యూనిస్టు పార్టీలకూ కలిపి పది స్థానాలు కూడా రాలేదు. 1985లో సర్దుబాటు కుదరగా ఇరవైకి పైగా వచ్చాయి. 1994లో అదే మైత్రిలో అనంతపురంలో సీపీఐ తరపున కె. రామకృష్ణ, కర్నూలులో సీపీఎం తరపున ఎం.ఎ. గఫూర్ గెలిచారు. 1999లో తెలుగుదేశం బీజేపీతో వెళ్ళింది, సీపీఐకి రాష్ట్రం మొత్తం మీద ఒక్క స్థానమూ దక్కలేదు. ఈ పదహారేళ్ళ కథలో రెండు సంగతులున్నాయి. ఎదుగుతున్న కొత్త పార్టీతో మొదట్లోనే మాట్లాడిన చిన్న పార్టీకి చోటు దొరుకుతుంది. ఆ చోటును తన సొంత బూత్‌లుగా మార్చుకోకపోతే, మిత్రుడు చేయి వదిలిన రోజు కింద నేల ఉండదు.

2019లో జనసేన, సీపీఐ, సీపీఎం, బీఎస్పీ కలిసి పోటీ చేశాయి. ఆ నాలుగింటికీ కలిపి వచ్చింది ఒక్క స్థానం. బలం తక్కువ ఉన్నవారు నలుగురు కలిసినంత మాత్రాన బలం పుట్టదు. ఒకరికి బూత్ ఉన్న చోట మరొకరికి అభిమానులు ఉంటేనే కలయికకు అర్థం ఉంటుంది. అందుకే మొదట చెప్పిన ఫారం 20 లెక్కను పొత్తు చర్చలకు తీసుకువెళ్ళమంటున్నాను. 2024లో బీజేపీకి మన మూడు పాత జిల్లాలలో ఒక్కొక్క స్థానం, ఆదోని, ధర్మవరం, జమ్మలమడుగు, పొత్తు వల్లనే సాధ్యమయ్యాయి. ఆ గెలుపులలో అభ్యర్థి బలం ఎంత, మిత్రపక్షాల ఓటు ఎంత, సొంత బూత్ బలం ఎంత అన్నది ఆ పార్టీవారే లెక్క చూసుకోవాలి. చిన్న పార్టీలు మాత్రం గెలుపును చూసి కాక ఆ లెక్కను చూసి నేర్చుకోవాలి.

చర్చలలో ఒక్క అసెంబ్లీ స్థానం కోసం నామినేషన్ల ఉపసంహరణ రోజు వరకు ఎదురుచూడటం కంటే, మీకు బలం ఉన్న రెండు మండలాలలో ఎంపీటీసీ, జడ్పీటీసీ స్థానాలు అడగండి. అవి పార్టీ గుర్తుల మీద జరుగుతాయి, తక్కువ ఖర్చుతో గెలవవచ్చు, గెలిచిన మనిషి ఐదేళ్ళూ ఊరిలోనే ఉంటాడు. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు కనుక అక్కడ కొత్త పార్టీవారితో ఊరి స్థాయిలో మంచి మనిషి మీద ఏకాభిప్రాయానికి రావడం మరింత సులువు.

ఓట్లు చీల్చడానికే నిలబడ్డారని మమ్మల్ని నిందిస్తున్నారు. ఏమని చెప్పాలి?

ఎవరి ఓట్లు ఎవరు చీల్చారన్నది ఓటరు నిర్ణయమే గాని పార్టీ ఆస్తి కాదని మర్యాదగా చెప్పండి. కాని మీలో మీరు నిజాయితీగా ప్రశ్నించుకోండి. ఈ స్థానంలో మీరు నిలబడటానికి మీ సొంత కారణం ఉందా, లేక ఎవరో ధరావతు కడతామన్నందుకు నిలబడుతున్నారా? రెండోదే నిజమైతే నిందించేవారిది తప్పు కాదు.

కొత్త పార్టీలో విలీనం కావడం మంచిదా?

ప్రజారాజ్యం మూడేళ్ళు నిండకుండానే కాంగ్రెస్‌లో కలిసింది. 2021 జులైలో వైఎస్ షర్మిల తెలంగాణలో స్థాపించిన పార్టీ 2024 జనవరిలో కాంగ్రెస్‌లో కలిసింది. రాజ్యాంగంలో ఫిరాయింపులకు సంబంధించిన పదో షెడ్యూలు ప్రకారం విలీనానికి శాసనసభ్యులలో మూడింట రెండు వంతుల మంది అంగీకారం కావాలి గాని, సభ్యులే లేని పార్టీకి ఆ అడ్డంకి కూడా ఉండదు. అందువల్ల నిర్ణయం నలుగురు నాయకుల గదిలో జరిగిపోతుంది. ఊరిలో చందా కట్టిన సభ్యుడికి మర్నాడు పత్రికలో తెలుస్తుంది. విలీనమే మేలని మీకు అనిపిస్తే, మండల సభలు పెట్టి, సభ్యత్వ రశీదు ఉన్న ప్రతి ఒక్కరి చేత ఓటు వేయించి, ఆ తర్వాతే సంతకం చేయండి. అలా జరిగితే విలీనమైన తర్వాత కూడా మీ మనుషులు కలిసి ఉంటారు.

పోలింగ్ రోజున కొత్త పార్టీ ఏజెంట్లతో ఎలా మెలగాలి?

సహకరించండి. సమస్యాత్మక గ్రామాలలో చిన్న పార్టీ ఏజెంటు ఒంటరిగా కూర్చోవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. పక్కన మరొక చిన్న పార్టీ ఏజెంటు ఉంటే ఇద్దరికీ ధైర్యం. మాక్ పోల్ ఇద్దరూ చూడండి, పోలింగ్ ముగిశాక ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి నకలు ఇద్దరూ అడిగి తీసుకోండి, ఒకరికి ఇవ్వకపోతే రెండోవారు గొంతు కలపండి.

కొత్త పార్టీ నిజంగానే మాకంటే బాగా పనిచేస్తుంటే?

ఈ ప్రశ్నను కదిరి దగ్గర ఒక సమావేశంలో ఒక యువతి అడిగింది. హాలులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమెకు నేను చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. అలాంటి పరిస్థితి వస్తే వారి పనిని బహిరంగంగా మెచ్చుకోండి, వారు చేయని పనిని మీరు ఎంచుకోండి. వారు కాలువల గురించి పోరాడుతుంటే మీరు వలసల గురించి పనిచేయండి. ఆదోని, ఎమ్మిగనూరు, కదిరి ప్రాంతాల నుంచి కుటుంబాలు పనికోసం బెంగళూరుకో, గుంటూరు మిరప చేలకో వెళ్ళినప్పుడు పిల్లల చదువు ఆగిపోతోంది, రేషన్ పోతోంది, పోలింగ్ నాటికి తిరిగి రాలేని వారి ఓటు కూడా పోతోంది. వలస వెళ్ళే ప్రతి కుటుంబం పేరు, ఫోన్ నంబరు వారి అనుమతితో రాసుకుని, ఏడాదికి రెండుసార్లు పలకరించే పార్టీ నాకు తెలిసి ఈ మూడు జిల్లాలలో లేదు. ఆ యువతి తన మండలంలో ఒక నోటు పుస్తకంతో ఆ పని మొదలుపెట్టింది. మీ మండలంలో మొదలుపెట్టాలంటే ఉగాదికి వలస కుటుంబాలు ఊరికి వచ్చే వారం అన్నింటికంటే అనువైనది.